లాసెట్‌లో రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోతున్నారా? కష్టమైన బిట్లను ఇలా తేల్చండి

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి బయటికొచ్చిన వాళ్లను కదిపి చూడండి. "రెండు ఆప్షన్ల దాకా వచ్చిన, తప్పుది పెట్టిన" అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ర్యాంకు జారిపోయేది అక్కడే. అసలు వినని విషయం వస్తే ఎవరైనా వదిలేసి ముందుకు పోతారు. సగం తెలిసిన బిట్ మాత్రం రెండేసి నిమిషాలు తినేసి, చివరికి తప్పు సమాధానం పెట్టిస్తుంది. అలాంటి బిట్లను తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. నెల రోజులు సాధన చేస్తే అది చేతికి అలవాటవుతుంది.

ముందు లెక్క చూసుకోండి

తెలంగాణలో జరిగే టీజీ లాసెట్‌ను కంప్యూటర్ మీద రాస్తారు. 120 బిట్లు, 90 నిమిషాలు. అంటే ఒక్కో బిట్‌కు 45 సెకన్లు. పార్ట్ ఏలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, పార్ట్ బీలో కరెంట్ అఫైర్స్ 30, పార్ట్ సీలో న్యాయశాస్త్ర ఆప్టిట్యూడ్ 60. మూడేళ్ల కోర్సుకైనా ఐదేళ్ల కోర్సుకైనా పేపర్ తీరు ఇదే. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. కానీ సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీ లాంటి చోట సీటు కావాలంటే 42 మార్కులు సరిపోవు, ర్యాంకు రావాలి.

అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి, ఈ పరీక్షలో నెగెటివ్ మార్కులు లేవు. దాని అర్థం ఒక లెక్కతో చెబుతాం. పేపర్‌లో మీకు తేలని బిట్లు 20 ఉన్నాయనుకోండి. అన్నింటికీ కళ్లు మూసుకుని టిక్కు పెడితే సగటున 5 మార్కులు వస్తాయి. ప్రతి బిట్‌లో రెండు తప్పు ఆప్షన్లు కొట్టేసి మిగిలిన రెండింట్లో ఒకటి పెడితే సగటున 10 వస్తాయి. కొత్తగా ఒక్క పేజీ చదవకుండా 5 మార్కులు పెరిగినట్టే. కింద చెప్పేదంతా ఆ రెండు తప్పు ఆప్షన్లను ఎలా కొట్టేయాలో చెప్పడానికే.

పేపర్‌ను మూడు చుట్లు తిరగండి

వరుసగా ఒకటో బిట్ నుంచి 120వ బిట్ దాకా రాసుకుంటూ పోవద్దు. మెంటల్ ఎబిలిటీ మొదట్లోనే వస్తుంది. అక్కడ ఒక రక్త సంబంధాల బిట్ దగ్గర ఇరుక్కుంటే, తెలిసిన న్యాయశాస్త్రం బిట్లకు చివర్లో సమయం ఉండదు.

మొదటి చుట్టులో పార్ట్ బీకి 10 నిమిషాలు, పార్ట్ సీకి 35, పార్ట్ ఏకి 20, మొత్తం 65 నిమిషాలు పెట్టుకోండి. కరెంట్ అఫైర్స్ ముందు ఎందుకంటే అక్కడ ఆలోచించేది ఏమీ ఉండదు. అవార్డు ఎవరికొచ్చిందో తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. ఒక్కో బిట్‌కు 20 సెకన్లు చాలు. ఈ చుట్టులో తెలిసినవి పెట్టేయండి. రెండు ఆప్షన్ల దగ్గర ఆగినవాటికి ఒకటి టిక్కు పెట్టి, రివ్యూకు మార్కు చేసి కదలండి. ఖాళీగా వదలొద్దు, మళ్లీ వచ్చే తీరిక దొరకకపోవచ్చు.

రెండో చుట్టు 20 నిమిషాలు. రివ్యూకు పెట్టినవి మాత్రమే తెరవండి. మూడో చుట్టు మిగిలిన 5 నిమిషాలు, ఖాళీలు నింపడానికి.

60 సెకన్లు దాటినా తేలని బిట్ ఏదైనా సరే వదిలి కదలాల్సిందే. మాక్ టెస్టుల్లోనే ఈ నియమం పాటించి చూడండి. పరీక్ష రోజు కొత్తగా మొదలుపెడితే చెయ్యి మాట వినదు.

ప్రశ్నను చివరి నుంచి చదవండి

ప్రశ్న పొడవుగా ఉంటే ముందు చివరి వాక్యం చూడండి. అడిగేది "సరైనది ఏది" అనా, "సరికానిది ఏది" అనా? "కానిది", "లేనిది", "మినహా" అనే మాట కనపడగానే రఫ్ పేపర్ మీద పెద్ద "త" రాసుకోండి. తప్పును వెతుకుతున్నామని దానర్థం. తర్వాత ఒక్కో ఆప్షన్ పక్కన ఒప్పో తప్పో రాయండి. ఇలా రాయకుండా మనసులోనే లెక్కేసుకునేవాళ్లు మొదటి ఆప్షన్ నిజమని గుర్తుపట్టగానే దానికే టిక్కు పెట్టి పోతారు. విషయం బాగా తెలిసినవాళ్లు కూడా ఈ పొరపాటు చేస్తారు, తెలిసిన మాట కనపడితే చెయ్యి ఆగదు కాబట్టి.

ఆ తర్వాత చూడాల్సింది ఏ తేదీ అడిగారన్నది. చట్టం చేసింది ఒక రోజు, అమల్లోకి వచ్చింది ఇంకో రోజు. రెండు సంవత్సరాలూ ఆప్షన్లలో ఉంటాయి. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26, పూర్తిగా అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26. భారత శిక్షాస్మృతి 1860 నాటి చట్టం, అమలు 1862 జనవరి 1 నుంచి. మన రాష్ట్రం సంగతే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం 2014 మార్చి 1న, రాష్ట్రం ఏర్పడింది జూన్ 2న. చదివేటప్పుడే ఈ రెండు తేదీలనూ ఒకే గీతలో పక్కపక్కన రాసుకుంటే తికమక ఉండదు.

ఆప్షన్లను కొట్టేసే పద్ధతి

జతపరచే బిట్‌లో నాలుగు జతలూ తెలియాల్సిన పని లేదు. ఒకవైపు 110, 280, 324, 368 ఆర్టికల్స్ ఇచ్చి మరోవైపు ఆర్థిక సంఘం, రాజ్యాంగ సవరణ, ద్రవ్య బిల్లు, ఎన్నికల సంఘం అని ఇచ్చారనుకోండి. 324 ఎన్నికల సంఘమని మాత్రం గట్టిగా తెలుసు. ఆ జత లేని కోడ్‌లు ముందు కొట్టేయండి. చాలాసార్లు రెండే మిగులుతాయి. ఆ రెండింట్లో తేడా ఉన్న జత ఒక్కటి చూడండి. 368 రాజ్యాంగ సవరణ అని తెలిస్తే బిట్ తేలిపోయినట్టే. 110 ద్రవ్య బిల్లు, 280 ఆర్థిక సంఘం అనేవి గుర్తు లేకపోయినా నష్టం లేదు.

కాలక్రమం బిట్‌లో రెండు కొసలు పట్టుకోండి. గోలక్‌నాథ్, కేశవానంద భారతి, మేనకా గాంధీ, మినర్వా మిల్స్ తీర్పులను వరుసలో పెట్టమన్నారు. ఇవి వరుసగా 1967, 1973, 1978, 1980. నాలుగూ గుర్తు రాకపోవచ్చు. అన్నింటికన్నా పాతది గోలక్‌నాథ్, అన్నింటికన్నా కొత్తది మినర్వా మిల్స్ అని తెలిస్తే మధ్యలో రెండే మిగులుతాయి. మేనకా గాంధీ కేసు పాస్‌పోర్టు స్వాధీనం మీద, అదీ ఎమర్జెన్సీ ముగిసిన తర్వాతది. కేశవానంద అంతకన్నా ముందుది. సంవత్సరం గుర్తులేకపోయినా కథ గుర్తుంటే వరుస వచ్చేస్తుంది. అందుకే కేసులను తేదీల పట్టికలా బట్టీ పట్టడం కన్నా, ఏ కేసు దేనికి జవాబుగా వచ్చిందో తెలుసుకుని చదవడం మేలు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్నది గోలక్‌నాథ్. రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపం చెడగొట్టకూడదన్నది కేశవానంద.

"మాత్రమే", "ఎప్పుడూ", "ఏ పరిస్థితిలోనూ" అన్న మాటలున్న ఆప్షన్‌ను అనుమానించండి, కానీ చూడగానే కొట్టేయొద్దు. చట్టంలో మినహాయింపులు ఎక్కువ కాబట్టి అలాంటివి తరచూ తప్పవుతాయి. అయితే ఆర్టికల్ 17 అస్పృశ్యతను ఏ రూపంలో పాటించడాన్నీ నిషేధించింది. అక్కడ "ఏ రూపంలోనూ" అన్న మాటే సరైన జవాబు.

నిశ్చిత వాక్యం, కారణం ఇచ్చే బిట్లలో ముందు రెండింటినీ విడివిడిగా చూడండి. రెండూ నిజమైతే మధ్యలో "ఎందుకంటే" పెట్టి పైకి చదవండి. "ఆస్తి హక్కు ఇప్పుడు ప్రాథమిక హక్కు కాదు, ఎందుకంటే 1978లో 44వ సవరణ దాన్ని ఆ భాగం నుంచి తీసేసింది." అతుకుతోంది. "ఆస్తి హక్కు కోసం నేరుగా ఆర్టికల్ 32 కింద సుప్రీంకోర్టుకు పోలేం, ఎందుకంటే ఓటు వయసు 61వ సవరణతో 18కి తగ్గింది." రెండూ నిజాలే, కానీ ఒకదానికి ఒకటి కారణం కాదు. పరీక్షలో ఇంత తేటగా ఇవ్వరు, దగ్గర దగ్గర విషయాలే ఇస్తారు. అయినా "ఎందుకంటే" పెట్టి చదివితే అతుకు ఊడినచోట చెవికి తెలుస్తుంది.

సూత్రం, సంఘటన ఇచ్చే బిట్లు

పార్ట్ సీలో తెలివైనవాళ్లను కూడా పడగొట్టేవి ఇవే. ఒక న్యాయసూత్రం ఇస్తారు, కింద ఒక సంఘటన ఇస్తారు. ఆ సూత్రాన్ని ఆ సంఘటనకు వర్తింపజేయాలి. అంతకుమించి ఏదీ తీసుకురాకూడదు. ఒకటి పూర్తిగా విప్పి చూద్దాం.

సూత్రం: ఉద్యోగి తన ఉద్యోగ విధుల్లో భాగంగా చేసిన తప్పుకు యజమాని బాధ్యుడు.

సంఘటన: ఎనుమాముల మార్కెట్‌లో ఒక మిర్చి వ్యాపారి తన డ్రైవర్‌తో బస్తాలు గోదాముకు పంపాడు. బస్తాలు దించాక డ్రైవర్ ఎవరికీ చెప్పకుండా అదే వ్యాన్‌లో నర్సంపేటలో తన బంధువుల పెళ్లికి బయల్దేరాడు. దారిలో నిర్లక్ష్యంగా నడిపి ఒక సైకిలిస్టును గుద్దాడు. వ్యాపారి బాధ్యుడా?

ఆప్షన్లు: ఎ. బాధ్యుడే, వ్యాన్ అతనిది కాబట్టి. బి. బాధ్యుడే, డ్రైవర్ అతని జీతగాడు కాబట్టి. సి. బాధ్యుడు కాదు, ఆ ప్రయాణం విధుల్లో భాగం కాదు కాబట్టి. డి. బాధ్యుడు కాదు, డ్రైవర్‌కు లైసెన్సు ఉంది కాబట్టి.

మొదటి పని, సూత్రాన్ని ముక్కలు చేయండి. ఇందులో మూడు షరతులున్నాయి: ఉద్యోగి అయి ఉండాలి, తప్పు చేసి ఉండాలి, అది విధుల్లో భాగమై ఉండాలి. రెండో పని, ఒక్కో షరతు సంఘటనలో ఉందో లేదో చూడండి. ఉద్యోగి, అవును. తప్పు, అవును. విధుల్లో భాగం, కాదు. ఒక్క షరతు తప్పినా సూత్రం వర్తించదు. మూడో పని, ఫలితం ఒకటే ఉన్న ఆప్షన్లలో కారణం చూడండి. సి, డి రెండూ బాధ్యుడు కాదనే అంటున్నాయి. లైసెన్సు మాట సూత్రంలో ఎక్కడా లేదు. జవాబు సి.

చాలామంది ఎ దగ్గర పడిపోతారు. దానికో కారణం ఉంది. రోడ్డు ప్రమాదం జరిగితే బండి యజమాని మీద, బీమా కంపెనీ మీద కేసు వేస్తారని అందరికీ తెలుసు. ఆ లోకజ్ఞానం ఇక్కడ అడ్డం వస్తుంది. ప్రశ్నలో మోటారు వాహనాల చట్టం ఇవ్వలేదు, ఇచ్చిన సూత్రం వేరు. మీకు తెలిసిన చట్టం ఇచ్చిన సూత్రానికి ఎదురుగా ఉన్నా సరే, ఇచ్చిన సూత్రాన్నే పట్టుకోండి.

ఇప్పుడు ఒక్క వాస్తవం మార్చండి. డ్రైవర్ గోదాముకు వెళ్తున్న దారిలోనే ప్రమాదం జరిగింది, కానీ "వేగంగా నడపొద్దు" అని వ్యాపారి ముందే చెప్పాడు. ఇప్పుడు వ్యాపారి బాధ్యుడే. పని అతను చెప్పిందే, చేసిన తీరు మాత్రం అతను వద్దన్నది. పని విధుల్లో భాగమా కాదా అన్నదే సూత్రం అడుగుతోంది. ఇంట్లో సాధన చేసేటప్పుడు ప్రతి సూత్రం బిట్‌నూ ఇలా ఒక్క వాస్తవం మార్చి మళ్లీ రాయండి. పది బిట్లను ఇలా తిప్పి రాస్తే కొత్తగా యాభై బిట్లు చేసినదానికన్నా ఎక్కువ వస్తుంది.

జాలి కూడా పడగొడుతుంది. "మైనర్ చేసిన ఒప్పందం మొదటి నుంచే చెల్లదు" అని సూత్రం. పరకాలలో 17 ఏళ్ల కుర్రాడు తన వయసు 19 అని అబద్ధం చెప్పి, ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. అప్పిచ్చినాయన ఆ తాకట్టు అమలు చేయించుకోగలడా? మోసం చేసినవాడిని వదిలేయడమేంటని మనసు అడ్డుపడుతుంది. సూత్రంలో అబద్ధం గురించి మాటే లేదు. తాకట్టు చెల్లదు. 1903లో మొహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది కూడా ఇదే.

కవలల్లాంటి పదాలు

రెండు ఆప్షన్ల దగ్గర ఆగిపోయేలా చేసేవి ఎక్కువగా ఈ జంటలే. ప్రతి జంటకూ తేడాను ఒకే వాక్యంలో రాసి పెట్టుకోండి.

ప్రొహిబిషన్, సెర్షియోరరి: రెండూ కింది కోర్టు హద్దు మీరినప్పుడు వేసే రిట్లు, అంటే పై కోర్టు ఆదేశం కోరే పిటిషన్లు. విచారణ ఇంకా నడుస్తుంటే ఆపేది ప్రొహిబిషన్, ఉత్తర్వు వచ్చాక కొట్టేసేది సెర్షియోరరి. ప్రశ్నలో "ఉత్తర్వు ఇచ్చింది" అని ఉందా లేదా అన్నదే చూడాలి.

ఆర్టికల్ 32, ఆర్టికల్ 226: మొదటిది సుప్రీంకోర్టుకు, ప్రాథమిక హక్కుల కోసం. రెండోది హైకోర్టుకు, ప్రాథమిక హక్కులతో పాటు ఇతర చట్టబద్ధ హక్కుల కోసం కూడా. అందుకే రిట్ల విషయంలో హైకోర్టు పరిధి విశాలం. పెద్ద కోర్టు కాబట్టి పరిధి కూడా పెద్దదే అనుకుని తప్పు పెడుతుంటారు.

దోపిడీ, బందిపోటు: దోపిడీలో పాల్గొన్నవాళ్లు ఐదుగురు, అంతకుమించి ఉంటే బందిపోటు. నలుగురా ఐదుగురా అని సంఖ్య లెక్కపెట్టండి.

స్ట్రిక్ట్ లయబిలిటీ, అబ్సొల్యూట్ లయబిలిటీ: రెండింట్లోనూ నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యత ఉంటుంది. మొదటిది 1868 నాటి రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ తీర్పు, మినహాయింపులున్నాయి. రెండోది 1987లో ఎం.సి. మెహతా కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది, ప్రమాదకర పరిశ్రమలకు మినహాయింపుల్లేవు.

వాయిడ్, వాయిడబుల్: రెండూ ఒప్పందాల గురించే. మొదటిదానికి చట్టం దృష్టిలో ఉనికే లేదు. రెండోది బెదిరింపుకో మోసానికో గురైనవాడు వద్దనే దాకా చెల్లుతుంది.

లాటిన్ మాటలు వస్తే భయపడొద్దు. మొత్తం తెలియకపోయినా ఒక్క ముక్క సాయం చేస్తుంది. "డామ్నమ్ సైన్ ఇంజూరియా", "ఇంజూరియా సైన్ డామ్నో" రెండింట్లో "సైన్" అంటే లేకుండా. డామ్నమ్ నష్టం, ఇంజూరియా హక్కు భంగం. మొదటిది హక్కు భంగం లేని నష్టం, దానికి దావా నిలవదు. రెండోది నష్టం లేకపోయినా హక్కు భంగం, దానికి దావా నిలుస్తుంది.

తెలుగు మీడియం వాళ్లకు ఒక మాట

తెర మీద ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ కనిపిస్తుంది. ఈ సౌకర్యాన్ని వాడుకోనివాళ్లు నష్టపోతారు. వాయిడబుల్, కన్సిడరేషన్, ఎస్టోపెల్ లాంటి మాటలకు ఒక్కో పుస్తకంలో ఒక్కో తెలుగు మాట ఉంటుంది. తెలుగు వాక్యం చదివి అర్థం మసకగా అనిపిస్తే, అందులోని పారిభాషిక పదం ఒక్కటి ఇంగ్లిష్ పాఠంలో చూడండి. ప్రశ్న మొత్తం రెండు భాషల్లో చదివితే 45 సెకన్లు సరిపోవు. చదువుకునేటప్పుడే ఓ వంద చట్టపు పదాలు రెండు భాషల్లోనూ పక్కపక్కన రాసుకోండి.

పాత గైడుతో వచ్చే తిప్పలు

2024 జులై 1 నుంచి భారత శిక్షాస్మృతి (ఐపీసీ), నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉన్నాయి. చేతిలో అంతకుముందు అచ్చయిన గైడు ఉంటే సెక్షన్ నంబర్లు పాతవే ఉంటాయి. హత్యకు శిక్ష 302 నుంచి 103కు, దొంగతనం 378 నుంచి 303కు, ఎఫ్ఐఆర్ 154 నుంచి 173కు మారాయి. ఐపీసీలో 511 సెక్షన్లుండేవి, న్యాయ సంహితలో 358. శిక్షల జాబితాలో సమాజ సేవ కొత్తగా చేరింది. ఆప్షన్లలో పాత నంబరు, కొత్త నంబరు రెండూ కనపడితే ప్రశ్నలో ఏ చట్టం పేరు ఉందో చూసి పెట్టండి. పాత పేపర్ల కీలతో సాధన చేసేటప్పుడు కూడా నేర చట్టాల బిట్ల జవాబులను కొత్త చట్టంతో సరిచూసుకోవాలి.

మెంటల్ ఎబిలిటీ

ఇక్కడ తెలివికన్నా రఫ్ పేపర్ ముఖ్యం. దిక్కుల బిట్‌కు బొమ్మ గీయండి, రక్త సంబంధాలకు వంశవృక్షం గీయండి. క్యాలెండర్ బిట్లలో లీపు సంవత్సరాల దగ్గరే తప్పు దొర్లుతుంది. 2014 జూన్ 2 సోమవారం, అయితే 2024 జూన్ 2 ఏ వారం? పదేళ్లకు 10 రోజులు, మధ్యలో వచ్చిన ఫిబ్రవరి 29లు 2016, 2020, 2024, మొత్తం 3. కలిపితే 13, ఏడుతో భాగిస్తే శేషం 6. సోమవారానికి ఆరు కలిపితే ఆదివారం. 2024 ఫిబ్రవరి 29ని మరిచిపోయినవాళ్లకు శనివారం వస్తుంది, ఆప్షన్లలో శనివారం తప్పకుండా ఉంటుంది.

తప్పుల పుస్తకం

ప్రతి మాక్ టెస్టు తర్వాత తప్పయిన బిట్లను మూడు రకాలుగా విడదీయండి: తెలియక పోయినవి, రెండింటి మధ్య పోయినవి, చదవడంలో పోయినవి. రెండో రకానికి తేడా వాక్యం రాయండి. మూడో రకానికి ఏ మాట చూడకుండా దాటారో రాయండి. ఈ మూడో రకం ప్రతి టెస్టుకూ తగ్గుతూ రావాలి. తగ్గడం లేదంటే వేగం ఎక్కువైందని అర్థం, మొదటి చుట్టును 65 నుంచి 70 నిమిషాలకు పెంచి చూడండి. సమాధానం మార్చిన ప్రతిచోటా చిన్న గుర్తు పెట్టండి. ఒప్పును తప్పుగా మార్చినవి ఎక్కువా, తప్పును ఒప్పుగా మార్చినవి ఎక్కువా అని ఐదారు టెస్టులకు లెక్క తీస్తే, పరీక్షలో జవాబు మార్చాలా వద్దా అన్నది మీ లెక్కే చెబుతుంది.

చివరి ఐదు నిమిషాలు

జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ కూడా రాస్తుంటే ఒక తేడా గుర్తుంచుకోండి. అక్కడ 120 ప్రశ్నలకు 120 నిమిషాలు, తప్పుకు 0.25 మార్కు పోతుంది. కాబట్టి ఒక్క ఆప్షనైనా గట్టిగా కొట్టేయగలిగితేనే పెట్టండి. లాసెట్‌లో అలాంటి భయం లేదు, ఒక్క ఖాళీ కూడా మిగలకూడదు. ఏమీ తెలియనివాటికి ముందే అనుకున్న ఒకే అక్షరం పెట్టుకుంటూ పోండి. ఒక్కోదాని ముందు ఆగి ఆలోచిస్తే సమయం పోవడమే తప్ప లాభం లేదు.

ప్రశ్నల పట్టికలో నేరుగా ఇంకో నంబరు మీద నొక్కితే, అప్పటిదాకా పెట్టిన ఆప్షన్ సేవ్ కాకుండా పోతుంది. ప్రతిసారీ "సేవ్ అండ్ నెక్స్ట్" నొక్కాకే కదలండి. రివ్యూకు పెట్టినవాటి లెక్క ఎలా ఉంటుందో పరీక్ష మొదలుకాకముందు సూచనల పేజీలో చదువుకోండి. రెండు నిమిషాలు ఉందనగా పట్టికలో రంగులు చూసి, సమాధానం లేనట్టు కనపడిన ప్రతి నంబరునూ తెరిచి, ఒక ఆప్షన్ పెట్టి సేవ్ చేయండి.